కంపెనీ స్తుతి

ఓ కంపెనీ! నిన్ను పొగుడుదామని కూర్చున్నాను. తిట్టేవాళ్ళకు హైదరాబాద్ శివారు పటాన్‌చెరులో కొదవ లేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో చాయ్ బండి దగ్గర కాసేపు నిలబడితే చాలు, నీకు పెట్టే శాపనార్థాలు చెవులనిండా వినబడతాయి. నీ పుట్టుక తెలుసుకుని, నీ గుణాలు ఒక్కొక్కటే ఎంచి పొగిడినవాళ్ళే కనబడరు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువును శతకం పొడుగునా దెప్పిపొడుస్తూ కొలిచాడు. నాది దానికి ఎదురుదారి. నేను దెప్పను, ఉన్నదున్నట్టు కీర్తిస్తాను. ఈ కీర్తనలో ఒక్క మాటా అబద్ధం కాదు. నిజాలు చెప్పి పొగిడితేనే నీకు ఎక్కువ తగులుతుందని నా నమ్మకం.

ముందు నీ వ్యాప్తిని పొగడాలి. ఇంగ్లీషు నుంచి వచ్చి ఇంతమంది నోళ్ళలో ఇన్ని అర్థాలతో తిరిగే మాటలు ఎన్నో లేవు. బొల్లారం, గడ్డపోతారం, కాజీపల్లి, బొంతపల్లి, పాశమైలారం, రుద్రారం... ఈ ఊళ్ళమీదుగా పోతే నిన్ను తలవని ఇల్లుండదు. "మా చిన్నోడు కంపెనీల చేస్తుండు" అంటుంది తల్లి. "కంపెనీ బస్సొచ్చే యాళ్ళయింది, జర జల్ది పెట్టు" అంటాడు కొడుకు. పొద్దుగూకి గాలి తిరిగితే కిటికీలు మూస్తూ "కంపెనీ వాసన మొదలైంది" అంటుంది ఇంటావిడ. వాన పడ్డ రాత్రి తెల్లారి వాగు దగ్గరికి పోయొచ్చిన రైతు "మళ్ళ కంపెనీ నీళ్ళు ఇడిసిండ్రు" అంటాడు. బైకు మెకానిక్ దగ్గర "కంపెనీదేనా, లోకలా?" అని అడుగుతాం. కల్లు దుకాణం దారిలో ఎదురైన దోస్తు "ఒక్కణ్ణే పోతున్న, కంపెనీ ఇయ్యరాదె" అంటాడు. పిల్లవాడు చెడు తిరుగుళ్ళు పట్టాడని తెలిసిన తండ్రి "వాని కంపెనీ మంచిది కాదు" అని తలపట్టుకుంటాడు. బడికి పోయిన పిల్ల నుంచి పింఛను తెచ్చుకునే ముసలామె దాకా ఎవరూ ఒక అర్థాన్ని ఇంకో అర్థంతో కలగలపరు. నీళ్ళ దగ్గర వాడే కంపెనీ వేరు, దోస్తు దగ్గర వాడే కంపెనీ వేరు. ఒక్క మాట ఇన్ని బరువులు మోస్తోందంటే అది గొప్ప మాటే.

ఇందులో "కంపెనీదేనా, లోకలా?" అన్నది నీకు దక్కిన గౌరవాల్లో పెద్దది. తెలుగువాడు నమ్మకానికీ, నికార్సైన సరుకుకూ నీ పేరే పెట్టాడు. కంపెనీది అంటే అసలుది, లోకల్ అంటే రెండో రకం. ఆ మాటే నీ గేటు దగ్గర మనుషులకూ అంటుకుంది. "లోకలోళ్ళను తీసుకోరు సార్, రేపు యూనియన్ పెడతరని భయం" అని నీ ప్రహరీ పక్క ఊరివాడు చెబుతాడు. నీ కోసం భూమి ఇచ్చింది ఆ ఊరే.

చట్టం పుస్తకాల్లో నీకు ప్రహరీ లేదు, గొట్టం లేదు, సైరను లేదు. కొంతమంది కలిసి కాగితాల మీద సృష్టించిన ఒక మనిషివి నువ్వు. యంత్రాలున్న చోటును ఫ్యాక్టరీ అనాలి. మా ప్రాంతంలో ఎవరూ అలా అనరు. గోడ, గొట్టం, గేటు, గేటు దగ్గర సెక్యూరిటీ, లోపల మూడు షిఫ్టులు, అన్నీ కలిపి కంపెనీయే. చదువుకున్నవాళ్ళు ఇది తప్పు వాడుక అనుకోవచ్చు. నాకు మాత్రం మా జనం నిన్ను సరిగ్గా పట్టుకున్నారనిపిస్తుంది. వాళ్ళకు కనబడని యజమానినీ, ముంబయిలోనో హైదరాబాదులోనో రిజిస్టరైన ఆఫీసునూ వదిలేసి, కనబడే గొట్టానికే నీ పేరు కట్టారు. జవాబుదారీ ఎవరంటే వేలు పెట్టి చూపించడానికి ఒక చోటు కావాలి కదా.

ఇక నీ పుట్టుక. నాకు నీ మీద గౌరవం కలిగిందే అక్కడ. లాటిన్‌లో 'కుమ్' అంటే కలిసి, 'పానిస్' అంటే రొట్టె. ఒకే రొట్టె విరుచుకుని తినేవాళ్ళు 'కంపానియో'లు. అంతకు ముందే జర్మానిక్ భాషల్లో ఇలాంటి మాటే ఉంది. గోతిక్‌లో 'గహ్లైబా' అంటే రొట్టెలో పాలివాడు. రోమన్ సైన్యంలో చేరిన ఆ జాతుల సిపాయిల నోటి నుంచే లాటిన్ వాళ్ళు నిన్ను తమ భాషలో పోతపోసుకున్నారని పండితులు అంటారు. అక్కణ్ణుంచి పాత ఫ్రెంచికి వెళ్ళి 'కంపాన్యీ' అయ్యావు, ఇంగ్లీషులోకి వచ్చి కంపెనీవయ్యావు. సైన్యంలో నూటికి పైబడ్డ సిపాయిల దండును ఇప్పటికీ నీ పేరుతోనే పిలుస్తారు. తోడు వచ్చేవాడు కంపానియన్ అయిందీ నీ వల్లే. నీ పుట్టుకలో వడ్డీ లేదు, వాటాల ధర లేదు, లాభం అన్న మాటే లేదు. దారిలో ఆకలేసినవాళ్ళు మూట విప్పి, ఉన్నది నలుగురూ తిన్నారు. నువ్వు అక్కడ పుట్టావు. అన్నం పంచుకోవడం నుంచి పుట్టిన పేరు వ్యాపారానికి దొరకడం వ్యాపారం చేసుకున్న అదృష్టం.

నీ చుట్టాలు పటాన్‌చెరులో ఇంకా ఉన్నారు. అదే పానిస్ పోర్చుగీసులో 'పావ్' అయి, పడవెక్కి గోవాకు, అక్కణ్ణుంచి ముంబయికి చేరింది. ముంబయి హైవే పటాన్‌చెరు మీదుగానే పోతుంది కాబట్టి, ఇప్పుడు ఇస్నాపూర్‌లో బండి మీద పెనం పక్కన వెన్న రాసి కాలుస్తున్నారు. ఇంగ్లీషులో రొట్టె దాచుకునే గదికి ప్యాంట్రీ అన్న పేరూ ఆ పానిస్ నుంచే వచ్చింది. ప్యాంట్రీ నీ ఆఫీసు మేడమీద ఉంటుంది, ఏసీ గదిలో, కాఫీ మిషను పక్కన. పావ్ నీ గేటు బయట ఉంటుంది, దుమ్ములో. ఒకే రొట్టె నుంచి పుట్టినవి మూడు: మేడమీద ప్యాంట్రీ, రోడ్డు మీద పావ్, మధ్యలో గోడకు పేరుగా నువ్వు.

నువ్వు అన్నం మరచిపోయావని అనను. నీకు ఆ సంగతి చట్టం గుర్తు చేసింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 250 మందికి మించి పనిచేసే చోట క్యాంటీన్ ఉండాలన్నది. పెట్టావు. నేను చూసిన ఒక క్యాంటీన్ గురించి చెబుతాను. స్టీలు పళ్ళేలు తళతళలాడుతున్నాయి. అన్నం, పప్పు, సాంబారు, ఒక కూర, పెరుగు, బుధవారం గుడ్డు. వంటమనిషి చెయ్యి ధారాళం. ఒక వైపు నీలం పట్టీకి గుర్తింపు కార్డు వేలాడుతున్నవాళ్ళ వరస. వాళ్ళు కంపెనీ రోల్ మీద ఉన్నవాళ్ళు, జీతంలో నామమాత్రంగా పట్టుకుని కడుపునిండా పెడతారు. ఆకుపచ్చ పట్టీవాళ్ళు కాంట్రాక్టు. వాళ్ళూ తినొచ్చుగానీ పూర్తి ధర కట్టాలి. అందుకని వాళ్ళు లోపలికి రారు. సైకిల్ స్టాండు రేకుల కింద గోడకు ఆనుకుని కూర్చుని టిఫిన్ డబ్బా మూత తీస్తారు. డబ్బాలో అన్నం, ఆలుగడ్డ వేపుడు, ఉల్లిపాయ ముక్క. పొద్దున ఐదింటికి వండినది మధ్యాహ్నానికి గడ్డ కట్టి, చెంచాతో విరగదీసుకోవాల్సి వస్తుంది. ఇద్దరూ అదే రియాక్టరు దగ్గర, అదే షిఫ్టులో, అదే సాల్వెంటు వాసన పీలుస్తూ పనిచేసి వచ్చినవాళ్ళు. వడ్డించడంలో లోటు లేదు, కూర్చోబెట్టడంలోనే తేడా.

ఈ రోల్ అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. మా వైపు పెళ్ళి సంబంధాల్లో "పిల్లగాడు కంపెనీల చేస్తడు" అని మధ్యవర్తి అనగానే, ఆడపిల్ల మేనమామ ముందుకు జరిగి, "కంపెనీ రోలా, కాంట్రాక్టా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి కట్నం, మాటల మర్యాద, తెచ్చిన చాయ్‌లో చక్కెర అన్నీ మారిపోతాయి. పదేళ్ళుగా ఒకే గేటులో పోయి వస్తున్నవాడు కూడా "కాంట్రాక్టు" అనడానికి తల దించుకుంటాడు. ఆ పదేళ్ళలో కాంట్రాక్టర్ల పేర్లు నాలుగుసార్లు మారి ఉంటాయి, ఆయన నిలబడే మిషను మారి ఉండదు. 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే కట్టాల్సిన బాధ్యత ప్రధాన యజమానిదేనంది. ప్రధాన యజమాని అంటే నువ్వే. చట్టం నీకు ఇంత మంచి పేరు పెట్టింది. నీ గేటు దగ్గర మాత్రం "మీ కాంట్రాక్టరును అడుగు" అని సమాధానం వస్తుంది.

మరి కలిసి తినడం అనే నీ పుట్టుగుణం ఎక్కడ మిగిలింది? మిగిలింది. ఇస్నాపూర్‌లో, చిట్కుల్‌లో, రుద్రారంలో అద్దె గదుల వరసలుంటాయి. పది పన్నెండు అడుగుల గది, ఐదారుగురు మనుషులు. ఒడిశా, బిహార్, జార్ఖండ్, శ్రీకాకుళం జిల్లా. పొద్దుటి 'ఏ' షిఫ్టుకు పోయేవాడు లేచిన చాప మీద రాత్రి 'సీ' షిఫ్టు చేసి వచ్చినవాడు వాలుతాడు. సిలిండరు ఒకటి, కుక్కరు ఒకటి. వంట వంతులవారీగా. బియ్యం, నూనె లెక్క గోడ మీద పెన్సిలుతో రాసుకుంటారు. ఎవరికైనా ఆ నెల కూలి ఆలస్యమైతే ఆ లెక్కలో అతని గీత ఆగిపోతుంది, తిండి మాత్రం ఆగదు. డ్యూటీ నుంచి రానివాడి వాటా మూత పెట్టి ఉంచుతారు. ఆ గదికి బోర్డు లేదు, రిజిస్ట్రేషను లేదు, వాటాలు లేవు. లాటిన్ తెలిసినవాడెవడైనా ఆ గదిలోకి తొంగి చూస్తే, ఇదే కంపెనీ అని వెంటనే చెప్పేస్తాడు. నీ పేరును నీకంటే నమ్మకంగా కాపాడుతున్నది వాళ్ళే. నిన్ను పొగడడమంటే వాళ్ళకు మొక్కడమే.

నీ వంశం కూడా చిన్నది కాదు. 1600 డిసెంబరు 31న ఎలిజబెత్ రాణి సన్నదు ఇస్తే పుట్టిన ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది. అక్కడ తెరిచినదాన్ని ఫ్యాక్టరీ అన్నారు. అందులో యంత్రం లేదు. ఫ్యాక్టర్లు, అంటే వర్తకపు గుమాస్తాలు, ఉండే బస, గిడ్డంగి. కలంకారీ బట్టలు, నేత బట్టలు కొనడానికి వచ్చారు. తెలుగువాళ్ళు నిన్ను కుంపిణీ అని పలికారు. ఒకటిన్నర శతాబ్దం తిరిగేసరికి కుంపిణీ ఉత్తర సర్కారులకు దొర అయింది. బట్ట కొనడానికి వచ్చిన మాట శిస్తు వసూలు చేసింది. ఆ ఎదుగుదలను ఎవరూ కాదనలేరు.

నిజాం రాజ్యం దాకా కుంపిణీ పాలన రాలేదు. నీ పేరు మాత్రం వచ్చింది. హైదరాబాదులో విలియమ్ పామర్ అండ్ కంపెనీ అనే వడ్డీ కోఠీ నిజాం సర్కారుకు నూటికి 24, 25 వడ్డీకి అప్పులిచ్చింది. కుంపిణీ తరఫున రెసిడెంటుగా వచ్చిన చార్లెస్ మెట్‌కాఫ్ అది చూసి ఎదురు తిరిగాడు. చివరికి ఆ బాకీ తీర్చడానికి దొరికిన దారి ఇది: ఉత్తర సర్కారులకు బదులుగా కుంపిణీ ఏటేటా నిజాముకు కట్టాల్సిన ఏడు లక్షల పేష్కషును, కోటికి పైగా ఒకే మొత్తంగా ఇచ్చేసి శాశ్వతంగా వదిలించుకుంది. ఆ డబ్బుతో పామర్ బాకీ తీరింది. కోస్తా తెలుగు జిల్లాల మీద రావాల్సింది, తెలంగాణ నెత్తి మీది అప్పుకు చెల్లయింది. ఒక కంపెనీ కష్టాన్ని ఇంకో కంపెనీ తీర్చింది. నీవాళ్ళ మధ్య ఉన్న ఈ ఆదరణను మెచ్చుకోవాలి. అంత జరిగినా పామర్ కోఠీ 1824లో దివాలా తీసింది.

కుంపిణీ ఉప్పు తిన్నవాళ్ళలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఉన్నాడు. ఆయనకు తెలుగువాళ్ళమంతా రుణపడి ఉన్నాం. కుళ్ళిపోతున్న తాళపత్రాలు పోగుచేసి, పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి, 1852లో నిఘంటువు అచ్చు వేయించాడు. 1832లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు ప్రాంతంలో మనుషులు డొక్కలెండి దారుల వెంట రాలిపోతున్నప్పుడు పైవాళ్ళు కొరత అన్న మాటతో సరిపెట్టాలనుకున్నారు. బ్రౌన్ కరువు అని రాశాడు. కుంపిణీ జీతగాడై ఉండి ఆ మాట రాయడం చిన్న సంగతి కాదు. మా రైతు నక్కవాగు గట్టు మీద నిలబడి "కంపెనీ నీళ్ళు" అన్నప్పుడు నాకు బ్రౌన్ గుర్తొస్తాడు. నివేదికలు ఎఫ్లుయెంట్ అంటాయి, డిశ్చార్జి అంటాయి, అనుమతించిన పరిమితి అంటాయి. రైతు మాటలో ఆ నీళ్ళు ఎక్కడివో ఉంది.

నీ మంచి రూపం తెలుగు నేల మీదే ఒకటుంది, సురభి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన నాటక సమాజాన్ని జనం సురభి కంపెనీ అనే పిలిచారు. తాత నారదుడైతే మనవడు బాలకృష్ణుడు. ఒకే కుటుంబం తరాలుగా వేదిక మీదా వెనకా బతికింది. నీ పేరు దానికి అతికినట్టు ఇంకెక్కడా అతకలేదు.

చట్టం నీకు ఇచ్చిన వరాలు పురాణాల్లో కూడా అరుదు. 1896లో లండన్‌లో ఆరన్ సాలమన్ అనే బూట్ల వ్యాపారి కేసులో పెద్ద న్యాయమూర్తులు తేల్చిన ప్రకారం, నిన్ను పెట్టినవాడు వేరు, నువ్వు వేరు. నీ అప్పు నీది, అతని ఇల్లు అతనిది. మన దేశంలో ఈ పరిమిత బాధ్యత 1857 చట్టంతో వచ్చింది. సిపాయిలు కుంపిణీ మీద తిరగబడిన సంవత్సరమే అది. వాటాదారులు మారినా, యజమాని పోయినా నువ్వు ఉంటావు. నీకు ముసలితనం లేదు. ముక్కు లేదు కాబట్టి వాసన తెలియదు. జైల్లో పెట్టడానికి ఒళ్ళు లేదు. ఇవన్నీ ఉన్నా నువ్వు కపటివి కాదు. నీ పేరు చివర లిమిటెడ్ అని గేటు మీద, బిల్లు మీద, లెటర్‌హెడ్ మీద రాసుకుంటావు. నా బాధ్యత ఇంతవరకే అని ముందే చెప్పి వ్యవహారంలోకి దిగేవాడు మనుషుల్లో ఎవడున్నాడు? చదవగలిగినవాళ్ళకు నువ్వు ఏమీ దాచలేదు. 2013 కంపెనీల చట్టం ఇంకో మెట్టు ఎక్కించింది. ఒక్క మనిషి కంపెనీ పెట్టుకోవచ్చంది. నలుగురు రొట్టె పంచుకుంటే వచ్చిన పేరు ఇప్పుడు ఒంటరిగా కూర్చుని తినేవాడికీ చెల్లుతుంది.

అదే చట్టంలో, పెద్ద కంపెనీలు సగటు లాభంలో నూటికి రెండు సమాజం కోసం ఖర్చు పెట్టాలని ఉంది. దాంతో బడులకు బెంచీలు, మరుగుదొడ్లు, నీళ్ళు శుద్ధి చేసే మిషన్లు వచ్చాయి. ఊళ్ళలో ఆ మిషన్ల మీద దాతల పేర్లు చూస్తాను. ఆ నీళ్ళు తాగుతున్నాం, మంచి నీళ్ళే. ఊరి చేదబావి నీళ్ళు కూడా మంచివే, నువ్వు రాకముందు.

ఇప్పుడు నీ పంపకం గురించి చెప్పాలి. పంచడం నీ పుట్టుగుణమని ముందే చెప్పాను. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం చుట్టూ మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు వరసగా లేచాయి. జీతాలు వచ్చాయి, చదువులు వచ్చాయి, ప్రపంచంలో ఎక్కడెక్కడి రోగుల చేతుల్లోకో ఇక్కడి మందు చవకగా పోయింది. ఇది కాదన్నవాడు అన్యాయం మాట్లాడుతున్నట్టే. వాటితో పాటే ఇసుకవాగు, నక్కవాగు రంగు మారాయి. ఆ నీళ్ళు చివరికి మంజీరలో కలిసేవి. ఇస్మాయిల్‌ఖాన్‌పేట, ఆరుట్ల, చిద్రుప్ప లాంటి ఊళ్ళలో వాగు పారిన మడుల్లో వరి కంకి వేయకుండా ఎండింది, బోర్లు చెడ్డాయి, పశువులు ఆ నీళ్ళు ముట్టనన్నాయి. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు రోగుల్ని చూస్తూ చూస్తూ ఈ రోగం ఎక్కడ పుడుతోందో వెతుక్కుంటూ వాగు దాకా నడిచి, ఊళ్ళను కూడగట్టారు. 1990లో సుప్రీంకోర్టులో కేసు పడింది. కోర్టు ఊళ్ళకు తాగునీళ్ళు ఇప్పించింది, పొలాలు పోయిన రైతులకు పరిహారం లెక్క కట్టించింది. కేసు అక్కణ్ణుంచి హైకోర్టుకు, తర్వాత హరిత ట్రిబ్యునల్‌కు తిరిగి తిరిగి, 2017లో తీర్పు దాకా వచ్చింది. కేసు వేసిన నాడు ముప్పై ఏళ్ళ రైతుకు తీర్పు నాటికి యాభై ఏడు. నీకు ముసలితనం లేదని ఇందాక అన్నది ఇందుకే. కోర్టులో నీకూ రైతుకూ మధ్య ఉన్న అసలు తేడా అదే.

కంపెనీలన్నీ కలిసి ఉమ్మడిగా వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం 1994లో పటాన్‌చెరులో మొదలైంది. నువ్వు నిజంగా నలుగురితో కలిసి చేసిన పని అది. స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిమ్ లార్సన్, ఆయన తోటివాళ్ళు ఆ కేంద్రం నుంచి బయటికి పోయే నీళ్ళను పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చి చేరే చోటు అది. శుద్ధి అయిన ఆ నీళ్ళలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండేదాని కంటే ఎక్కువ. ఒక్క రోజులో బయటికి పోయే ఆ మందు 45 కిలోలుంటుందని అంచనా కట్టారు. స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడే మందు అంత. దాన్ని వాగులో ఎవరికి పంచినట్టు? చేపలకు, మట్టికి, ఆ మట్టిలోని సూక్ష్మక్రిములకు. అవి ఆ మందుకు అలవాటు పడ్డాయి. అదే చోట తీసిన నమూనాల్లో మందులకు లొంగని క్రిములు తర్వాతి పరిశోధనల్లో బయటపడ్డాయి. రేపు ఎవరింట్లో పిల్లకు జ్వరమొచ్చి ఆ మాత్ర పనిచేయకపోతే, ఆ పిల్ల నీ గేటు ఎప్పుడూ చూసి ఉండకపోవచ్చు. ఈ పంపకానికి ఊరు లేదు, దేశం లేదు. రొట్టె పంచినవాళ్ళు కూడా ఇంత దూరం పంచలేదు. తర్వాత పైపు వేసి ఆ నీళ్ళను హైదరాబాద్ మురుగుతో కలిపి అంబర్‌పేటకు పంపారు. అంటే మంజీరకు బదులు మూసీ.

2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలో సిగాచీ ఇండస్ట్రీస్ ప్లాంటులో పేలుడు జరిగింది. అక్కడ చేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. మనం మింగే చాలా మాత్రల్లో మందు చిటికెడే ఉంటుంది, మిగిలిన ఒళ్ళంతా ఇలాంటి పొడే. 54 మంది పోయారు. అందులో 8 మంది ఒంటి ఆనవాలు కూడా దొరకలేదు. ఎక్కువమంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి కూలికి వచ్చినవాళ్ళు. ముక్కలను బట్టి మనిషిని పోల్చడానికి రక్తసంబంధీకుల నుంచి డీఎన్ఏ నమూనాలు తీసుకున్నారు. గుర్తు దొరకనివాళ్ళ ఇళ్ళవాళ్ళకు రోజులు గడిచాక, ఇక దొరకరు, ఊళ్ళకు వెళ్ళమన్నారు. అంతటి వేడిలో అస్థికలు కూడా మిగలవని చెప్పడం, వినడం రెండూ ఎంత కష్టమో ఊహించుకోగలను. పోయినవాళ్ళ ఒక్కో కుటుంబానికి కోటి రూపాయల పరిహారం ప్రకటించారు. ఇక్కడ నిన్ను పొగడడానికి నా దగ్గర మాట లేదు. ఆ గదుల్లో మూత పెట్టి ఉంచిన పళ్ళేల సంగతి తలుచుకుంటే చెయ్యి ఆడదు.

పొగడ్త అయ్యాక వరం అడగడం స్తుతి మర్యాద. నీ దగ్గర లేనిది అడగను. లిమిటెడ్ అన్న మాట తీసేయమనను, నీ కాగితపు ఒంటికి ప్రాణం పోయమనను. నీ గేటు లోపలికి అడుగుపెట్టిన ప్రతి మనిషి పేరూ ఒక పుస్తకంలో రాయి. కంపెనీ రోల్‌కు ఒక పుస్తకం, కాంట్రాక్టుకు ఒకటి, ఆ పూటకు అడ్డా మీద నుంచి తెచ్చినవాళ్ళకు ఏదీ లేకుండా కాదు. అందరికీ కలిపి ఒకటే. తండ్రి పేరు, ఊరు, జిల్లా, ఇంట్లో ఎత్తే ఫోను నంబరు, ఏ షిఫ్టు, ఏ మిషను. లోపలికి పోయిన టైము, బయటికి వచ్చిన టైము. ఆ పుస్తకం నకలు ఒకటి ఏ పూటకాపూట గేటు బయట, గోడకు దూరంగా, మంట అందని చోట ఉంచు. ఏదైనా జరిగిన రోజు చేతిలో ఫోటో పట్టుకుని గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చిన తమ్ముడికో, భార్యకో, ఆ పేరు లోపల ఉందో లేదో చదివి చెప్పే మనిషిని ఒకణ్ణి అక్కడ కూర్చోబెట్టు. ఆ మనిషికి హిందీ, ఒడియా వచ్చి ఉండాలి.